మాసిక

మాసిక అన్న మాట వినగానే ఈ కాలపు పిల్లలకు మాసపత్రిక గుర్తుకు రావచ్చు. కాస్త పెద్దవారికి పితృకర్మలలోని మాసికం గుర్తుకు రావచ్చు. బట్టకు పడిన చిరుగు మీద మరొక గుడ్డముక్క వేసి కుట్టడాన్ని మాసిక వేయడం అంటారని మొన్న చెబితే, పదో తరగతి చదివే మా మనుమరాలు, "ప్యాచ్ అంటే పోలా నానమ్మా!" అన్నది. పోతుంది, నిజమే. కాని ప్యాచ్ అని ఆ పిల్ల అంటున్నది అంగడిలో కొని తెచ్చి, చిరగని బట్ట మీద అందానికి అతికించే బొమ్మ. నేను చెప్పేది వేరు.

బట్ట పాడుకావడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఒకసారి చూడండి. కుట్టు ఊడితే బట్ట పిగిలింది అంటాము. మేకు తగులుకొని లాగితే చిరిగింది. నూలు వెంబడి బారుగా పోతే చీలింది. ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి, ఎత్తిపడితే అవతలి వెలుతురు కనబడే స్థితికి వస్తే చివికింది. రంగు పోతే వెలిసింది. నేను ముప్ఫయి ఏళ్ళు పర్యాయపదాలు చెప్పినదాన్ని గనుక ధైర్యంగా అంటున్నాను, ఇవి పర్యాయపదాలు కావు. వైద్యుడు రోగానికి పేరు పెట్టినట్లు మన అమ్మలు పెట్టిన పేర్లివి. పిగిలినదానికి కుట్టు చాలు. చిరిగినదానికి రఫూ. గుడ్డే పోయి కన్నం పడితే మాసిక. చివికినదానికి మాత్రం సూది పెట్టకూడదు, పెట్టిన ప్రతి కుట్టూ మరొక కన్నమవుతుంది. పేరు సరిగా పెట్టలేనివారు వైద్యమూ సరిగా చేయలేరు.

మా ఊరు తెనాలికి దగ్గర. నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. పిల్లలం అయిదుగురం. సంవత్సరానికి రెండుసార్లు, సంక్రాంతికీ బడులు తెరిచేటప్పుడూ, తానులో నుంచి చింపించి తెచ్చిన గుడ్డతో అందరికీ ఒకే రంగు బట్టలు వచ్చేవి. మిగిలిన పది నెలలూ వాటిని నిలబెట్టే బాధ్యత అమ్మది. పగలు ఆవిడకు తీరిక ఎక్కడిది? రాత్రి భోజనాలయిన తరువాత లాంతరు దగ్గరకు జరుపుకొని కూర్చునేది. పక్కన ఒక పాత బిస్కట్ల డబ్బా. అందులో సూదులు, దారపు ఉండలు, రకరకాల గుండీలు, ఒక మైనపు ముక్క, నున్నగా అరగదీసిన ఒక కొబ్బరిచిప్ప.

ఆ చిప్ప ఎందుకో చెప్పాలి. రఫూ చేసేటప్పుడు చిరుగు కింద దాన్ని బోర్లించి పెట్టేది. బట్ట మరీ బిగియకుండా, మరీ సడలకుండా దాని మీద పరుచుకొని ఉండేది. ఒళ్ళో పెట్టుకొని కుడితే గుడ్డ ముడుచుకొనిపోయి, కుట్టిన చోట నత్తగుల్లలా మిగులుతుంది. ఇక దారం. కొత్త దారపు ఉండను ఆవిడ రఫూకు వాడగా నేను చూడలేదు. ఆ బట్టకే లోపలి మడతలోనో, చివరి అంచు దగ్గరో కనబడని చోటు చూసి, అక్కడి నూలుపోగులను ఒక్కొక్కటిగా లాగి, మైనం మీద ఒకసారి నడిపి, సూదికి ఎక్కించేది. "గుడ్డకు దాని పీచుతోనే వైద్యం చెయ్యాలే అమ్మాయీ, పైదారం ఎంత మంచిదైనా పరాయిదే" అనేది. రంగు కలవడం ఒక్కటే కారణం కాదు. కొత్త దారం గట్టిది, పాత నూలు బలహీనమైనది. రెండూ ఒకచోట చేరితే లాగుడు వచ్చినప్పుడు తెగేది పాతదే.

చిరుగు అంచునే కుట్టు మొదలుపెట్టడం తెలియనివారు చేసే పని. అంచు దగ్గర నూలు అప్పటికే నలిగి ఉంటుంది. అమ్మ అర అంగుళం ఇవతల, గట్టి గుడ్డలో మొదలుపెట్టేది. ముందు పడుగు వెంట పోగులు వేసేది. ఒక పోగు ఇక్కడ ఆగితే, పక్కది కొంచెం అవతల ఆగాలి. అన్నీ ఒకే గీత మీద ఆగితే ఆ గీత వెంబడే మళ్ళీ చిరుగుతుంది. పడుగు నిండిన తరువాత పేక. ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి, మరుసటి వరుసలో దానికి ఎదురు. మలుపు తిరిగే ప్రతిచోటా దారాన్ని పూర్తిగా లాగకుండా చిన్న ముక్కుపుడకంత వంపు వదిలేది. ఉతికినప్పుడు దారం ముడుచుకుంటుంది, ఆ ముడుచుకొనేదానికి అంత చోటు ఉంచాలట. ఇంతకూ అమ్మ చేస్తున్నది ఏమిటి? మగ్గం లేకుండా, సూదితో, రూపాయి బిళ్ళంత గుడ్డను తిరిగి నేయడం. మంగళగిరి నేతచీరలోని సన్నని నూలు మీద ఆ పని ముగించి, చెమ్మగుడ్డతో అద్ది, చెంబు అడుగుతో రుద్ది, "ఎక్కడో చెప్పు చూద్దాం" అని ఇచ్చేది. వేలితో తడిమితే తెలిసేది గాని, కంటికి తెలిసేది కాదు.

పట్టణాలలో ఈ పనినే వృత్తిగా చేసేవారిని రఫూగర్లు అంటారు. రఫూ అన్నది పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట, మరమ్మతు అన్నదీ అరబ్బీ మూలమే. అతుకు, మాసిక, కుట్టు మనవి. మాట ఎవరిదైనా చేయి మాత్రం మన ఇళ్ళలో ఆడవారిదే.

దారం మూరకు మించకూడదన్నది ఆవిడ మరొక శాసనం. మూర దాటితే మెలిపడుతుంది, గుడ్డలోంచి అన్నిసార్లు దూరి చివరికి తానే చివుకుతుంది. మాసికకు కొత్తగుడ్డ పనికిరాదన్నది ఇంకొకటి. కొత్తది ఉతికితే కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న పాతగుడ్డను లాగి చింపుతుంది. అందువల్ల చొక్కాకు చొక్కా జేబు లోపలి గుడ్డో, పరికిణీకి దాని నడుంపట్టీ లోపలి మడతో తీసి వేయాలి. మాసిక పడుగు చొక్కా పడుగు వెంటనే ఉండాలి, అడ్డం పెడితే మొదటి ఉతుకులోనే వంకర తిరుగుతుంది. ఆడపిల్లల పరికిణీలకు కుట్టించేనాడే కింద రెండు మూడు మడతలు వేయించేవారు. పిల్ల ఎదిగినకొద్దీ ఏడాదికొక మడత విప్పడమే. విప్పిన చోట పాత గీత నల్లగా కనబడుతుందని దాని మీద ఒక వరుస పూలకుట్టు వేసేది అమ్మ. మా అక్క పరికిణీ చెట్టు మొదలులా ఉండేది, చుట్లు లెక్కపెడితే వయస్సు తెలిసేది.

భగవద్గీత రెండవ అధ్యాయంలో, మనిషి పాతబట్టలు విడిచి కొత్తవి కట్టుకొన్నట్లు ఆత్మ పాత శరీరాలను విడిచి కొత్తవి ధరిస్తుందన్న ఉపమానం ఉన్నది కదా. చదువుకొనే రోజులలో ఆ శ్లోకానికి అర్థం చెబుతుంటే నాకు లోపల ఒక సందేహం ఉండేది. మా ఇంట్లో బట్టను విడిచినవారు ఎవరున్నారు? మనుషులు బట్టలను మార్చడం నేను చూసింది తక్కువ, బట్టే మనుషులను మార్చేది. అమ్మ చీర చివికితే నడుమ భాగం తీసివేసి, గట్టిగా ఉన్న పమిట వైపు గుడ్డ అక్కకు ఓణీ అయ్యేది. అక్క ఓణీ నాకు గౌనయ్యేది. నా గౌను తమ్ముడికి పొత్తిగుడ్డ అయ్యేది. పసిబిడ్డ ఒంటికి కొత్తగుడ్డ గరుకని, వంద ఉతుకులు తిన్న నూలుకంటె మెత్తనిది లేదని, పురిటింటికి పాతచీరలు దాచడం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. ఆ తరువాత బొంతలోకి. బొంతలో నుంచి మసిగుడ్డ. నాన్నగారి పంచె అయితే చివరకు దేవుడి ముందు వత్తి. ఉపమానంలో ఆత్మ స్థానంలో ఎవరిని పెట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు. మా గురువుగారిని అడిగితే నవ్వి, "ఇది అమ్మగారిని అడగవలసిన ప్రశ్న" అన్నారు.

బొంత గురించి రెండు మాటలు. అయిదారు పాతచీరలను ఒకదానిపై ఒకటి ముడత లేకుండా పరచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందు పెద్ద పెద్ద కుట్లతో పట్టు వేసి, తరువాత అంచు నుంచి నడుమకు చదరంగా సన్నని కుట్టు నడుపుకుంటూ వస్తారు. మెత్తని చీరలు లోపలికి, ఇంకా గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ. ఎండాకాలం మధ్యాహ్నాలు నలుగురైదుగురు చేరి వసారాలో కుట్టేవారు. తలా ఒక వైపు. ఊరి సంగతులన్నీ ఆ బొంతలోకి వెళ్ళేవి. సంస్కృతంలో దీని పేరు కంథ. వంగదేశంలో కాంథా అని ఆ పేరే ఇప్పటికీ ఉన్నది, అక్కడ దాని మీద చేపలూ పూలూ కుడతారు. మనవాళ్ళు గళ్ళతో సరిపెట్టుకున్నారు. చీర అన్న మాటకు సైతం సంస్కృతంలో గుడ్డపీలిక, నారబట్ట అన్న అర్థాలున్నాయి. రాముడు అడవికి కట్టుకొని వెళ్ళినవి నారచీరలే. ఒకప్పుడు పీలికకు పేరైన మాట మన దగ్గర పట్టుచీర వరకు ఎదిగింది.

ఇక ఉతుకు. ఇంట్లో ఉతికేవి కొన్ని, రేవుకు వెళ్ళేవి కొన్ని. రజకులు చౌడుమట్టి నీటిలో నానబెట్టి, బాన మీద ఆవిరిలో ఉబ్బవేసి, కాలువలో బండకు కొట్టి తెచ్చిన పంచెల తెలుపు ఏ పొడితోనూ నేను మళ్ళీ చూడలేదు. పాతిక ఇళ్ళ బట్టలు కలిసినా ఏది ఎవరిదో వారికి తెలిసేది. నల్లజీడి గింజ రసంతో మూలన పెట్టిన రెండు చుక్కలో, ఒక అడ్డగీతో ఉండేది. సున్నపునీటితో అది నలుపు తిరిగి బట్ట పోయేదాకా పోయేది కాదు. అక్షరం రానివారు అన్ని ఇళ్ళ పేర్లనూ తమ లిపిలో రాసుకున్నారు. ఆ శ్రమకు ముట్టినది ఏటికి ఇన్ని ధాన్యమూ, రోజూ గిన్నెలో ఇంత అన్నమూ. ఆ లెక్క న్యాయమైనదని నేను అనలేను.

పట్టుబట్టలు మాత్రం అమ్మ రేవుకు వేసేది కాదు. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, గోరువెచ్చని నీటిలో నానవేసి, ఆ నురుగులో ముంచి పిండకుండా జాడించేది. పట్టు పురుగు నుంచి వచ్చింది, వెంట్రుక వంటిది. బట్టలసబ్బులోని క్షారం దాన్ని తినివేస్తుంది, కుంకుడురసం తినదు. జరీచీరలను పాతపంచెలో చుట్టి పెట్టడం, నాలుగు నెలలకొకసారి తీసి నీడన గాలికి ఆరవేయడం, మళ్ళీ పెట్టేటప్పుడు పాత మడత మీద మడత పడకుండా వేరేచోట మడవడం, కలరా ఉండలు జరీకి తగలకుండా విడిగా మూటకట్టి వేయడం, ఇవన్నీ నేను నేటికీ చేస్తున్నాను. ఏళ్ళ తరబడి ఒకే మడతలో పడి ఉన్న పట్టుచీర ఆ మడత గీత వెంబడే కత్తితో కోసినట్లు చీలుతుంది. బీరువా తెరిచి అటువంటి చీర చూసుకొని ఏడ్చినవారిని నేను ఎరుగుదును.

మరకలలో పసుపు మరక వింతైనది. సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది. అమ్మాయిలు బెదిరిపోతారు. పసుపులో సున్నం కలిస్తే పారాణి అయినట్లే ఇదీ, భయపడవలసింది లేదు. సబ్బు వదిలేదాకా జాడించి మండుటెండలో ఆరవేస్తే ఎండే దాన్ని తినివేస్తుంది. నెత్తురు మరకకు చన్నీళ్ళే, వేడినీళ్ళు తగిలితే అది గుడ్డలో పాతుకుపోతుంది. మాకు నిత్యం ఉండేది సిరా మరక. నిమ్మరసమూ ఉప్పూ కలిపి రుద్దడం, పుల్లమజ్జిగలో నానవేయడం. అరటి జిగురుకు మాత్రం ఆవిడ దగ్గరా మందు లేదు, అరటిచెట్టు కొట్టేవారికి వేరే బట్టలుండేవి.

గంజిపొడి కొనవలసి రావడానికి కారణం ప్రెషర్ కుక్కరని చెబితే పిల్లలు నమ్మరు. అన్నం వార్చిన రోజులలో గంజి ఇంట్లోనే పుట్టేది. పలుచన చేసి, వడగట్టి, తెల్లబట్టలకైతే చిటికెడు నీలిమందు కలిపి, పిండి ఆరవేస్తే నేతచీర నిలబడి కట్టించుకొనేది. గంజి కంటికి ఇంపుకే కాదు. నూలు పైన పూతగా నిలిచి, మురికి గుడ్డకు పట్టకుండా తనకు పట్టించుకుని, ఉతుకులో తానూ పోయి మురికినీ తీసుకొనిపోతుంది. కుక్కరు వచ్చింది, వార్చడం పోయింది. అప్పటికి టెర్లిన్ చొక్కాలూ వచ్చి ఉన్నవి. వాటికి గంజి అక్కరలేదు, ఇస్త్రీ అక్కరలేదు, ఒక పట్టాన చిరగవు. మా నాన్నగారికి మొదటి టెర్లిన్ చొక్కా కుట్టించిననాడు అమ్మ ముఖంలో వెలుగు నాకు గుర్తున్నది. బొగ్గుల ఇస్త్రీపెట్టెలో నుంచి నిప్పురవ్వ పడి దానికి కన్నమైతే, అంచులు కరిగి గట్టిపడి, సూది దిగనీయలేదు. ఆవిడకు వైద్యం తెలియని మొదటి గుడ్డ అది.

పాతరోజులను పొగడటానికి ఇది రాస్తున్నానని అనుకోవద్దు. లాంతరు వెలుగులో ఇరవై ఏళ్ళు పోగులు లెక్కపెట్టిన కళ్ళు యాభై దాటకముందే మసకబారాయి. ఆ పనిని ఎవరూ పని అనలేదు. కూర్చుని కుట్టుకుంటున్నది అనేవారు, కూర్చుని అన్న మాటను నొక్కి మరీ. ఈమధ్య పత్రికలలో కనబడేట్లు కుట్టే మరమ్మతు కొత్త అలంకారమని చదువుతున్నాను. జపాను దేశపు ఉత్తరభాగంలో బీద రైతులు మాసిక మీద మాసిక వేసి తరాలపాటు కట్టుకొన్న బట్టలను బోరో అంటారని, ఇప్పుడవి మ్యూజియములలో ఉన్నాయని కూడా తెలుసుకున్నాను. మంచిదే. అమ్మకు చూపించి ఉంటే నవ్వేది. ఆవిడ విద్య అంతా కనబడకుండా చేయడంలోనే ఉన్నది, ఎందుకంటే కనబడితే బడిలో పిల్లలను నవ్వేవారు.

ఆ నవ్వు ఎంత పని చేస్తుందో నేను ఉద్యోగంలో చూశాను. తొంభయిలలో జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. ఎనిమిదో తరగతిలో చక్కగా పద్యం చదివే పిల్ల నాలుగు రోజులు రాలేదు. జ్వరమన్నారు. అయిదో రోజు వాళ్ళ వీధి పిల్లను గుచ్చి అడిగితే, బెంచీ మేకుకు పట్టుకొని పరికిణీ చిరిగిందని, ఉన్నది అదొక్కటేనని తెలిసింది. సాయంత్రం వెళ్ళాను. తల్లి పొలం నుంచి ఇంకా రాలేదు. పిల్ల పరికిణీ తెచ్చి చూపించింది. మోకాలి కింద ఏడు అక్షరం ఆకారంలో చిరుగు.

"మాసిక వేసుకొని రాకూడదుటే?" అన్నాను.

"అందరూ నవ్వుతారండీ" అన్నది తల వంచుకొని.

"నవ్వరు. నువ్వు చూపిస్తే తప్ప వాళ్ళకు కనబడదు. సూది ఉన్నదా?"

సూది లేదు. పక్కింటి నుంచి తెచ్చింది. నడుంపట్టీలోంచి పోగులు ఎలా లాగాలో చూపించాను. సగం నేను కుట్టాను, సగం ఆ పిల్ల కుట్టింది. దాని సగం కొంచెం ఉబ్బెత్తుగా వచ్చింది. మరునాడు బడికి వచ్చింది.

అప్పటి నుంచి నా సొరుగులో సుద్దముక్కల పక్కన ఒక డబ్బా ఉండేది. జాకెట్టు గుండీల చోట పిన్నీసులు పెట్టుకొని వచ్చే ఆడపిల్లలు మధ్యాహ్న విరామంలో చేరేవారు. మా ప్రధానోపాధ్యాయులు ఒకసారి తొంగి చూసి, "పండితులవారికి ఈ దర్జీపని ఎందుకండీ?" అన్నారు. "సంధులు చెప్పడమే కదండీ నా ఉద్యోగం" అన్నాను. ఆయన మంచివారే, మరి మాట్లాడలేదు, పైగా రెండు నెలల తరువాత తమ కోటు గుండీ పంపించారు. మగపిల్లలు మొదట్లో ఆడపని అని దూరంగా ఉన్నారు. ఊళ్ళో దర్జీలందరూ మగవాళ్ళే కదరా అంటే ఆలోచనలో పడ్డారు. గుండీ కుట్టేటప్పుడు కింద ఒక అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల తీసి, మిగిలిన వదులు చుట్టూ దారం నాలుగు చుట్లు చుట్టాలని నేర్పితే, ఆ కిటుకు వాళ్ళకు మహా నచ్చింది. తరువాతి కాలంలో సర్వశిక్షా అభియాన్ కింద రెండేసి జతల ఏకరూప దుస్తులు రావడం మొదలయింది. నా డబ్బా చుట్టూ చేరేవారు తగ్గారు. తగ్గినందుకు నాకు సంతోషమే.

ఇప్పుడు ఇంటి నిండా బనీనుగుడ్డ టీషర్టులు. అవి పడుగూ పేకా లేని అల్లిక, ఒక ముడి తెగితే నిచ్చెన మెట్లలా జారిపోతుంది. వాటికి రఫూ పనికిరాదు, జారే ముడిని సూదిమొనతో పట్టి వెనుకవైపు ముడివేయడం ఒకటే దారి. మనుమరాలికి ఆ పాటి నేర్పాను. నేతగుడ్డ మీద పని కూడా మొదలుపెట్టింది, వాళ్ళ నాన్న పాత లాల్చీ మీద. మలుపు దగ్గర వంపు వదలమంటే ఇంకా లాగివేస్తూనే ఉన్నది.

మాటల సంగతి మిగిలిపోయింది. పడుగు, పేక, మాసిక, పొత్తి, ఉబ్బ, చౌడు వంటివి నాకు తెలిసిన కృష్ణాతీరపు మాటలు. రాయలసీమలోనూ తెలంగాణాలోనూ ఉత్తరాంధ్రలోనూ వీటికి వేరే పేర్లు తప్పక ఉండి ఉంటాయి. ముఖ్యంగా మలుపు దగ్గర దారంలో వదిలే ఆ చిన్న వంపుకు మా అమ్మ ఏ పేరూ వాడలేదు, "ఇంత వదులు" అని చిటికెనవేలి గోరు చూపించేది. మీ ఇళ్ళలో పెద్దవారు ఎవరైనా దానికి ఒక మాట వాడేవారైతే దయచేసి తెలియజేయండి, రాసిపెట్టుకుంటాను.